బాలనటి శ్రీదేవి నటజీవితం: పసితనం, పాత్ర, ప్రేక్షకుడు - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
దక్షిణాది సినిమాలో బాలనటిగా ప్రవేశించి, కౌమారం పూర్తికాకముందే కథానాయికగా మారి, భారతీయ సినిమాలో అగ్రతారగా నిలిచిన నటి శ్రీదేవి (1963-2018). ఆమె నటజీవితాన్ని విజయగాథగా చెప్పడం ఆనవాయితీ. ఆ గాథలో బాల్యం ఒక తొలి మెట్టుగా మాత్రమే కనిపిస్తుంది. పరిశ్రమ శ్రీదేవి బాల్యాన్ని ముందుగా ముగించిందని, ఆపైన ఆమె పోషించిన వయోజన పాత్రల్లో ఆ పసితనాన్నే ఆకర్షణగా మలచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ‘బడిపంతులు’, ‘మూండ్రు ముడిచ్చు’, ‘వేటగాడు’, ‘మూండ్రాం పిఱై’, ‘క్షణ క్షణం’, ‘ఇంగ్లీష్ వింగ్లీష్’ చిత్రాలను ప్రధానంగా, మరికొన్నింటిని తులనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: బాలనటి, శ్రీదేవి, పసితనం, తారా ప్రతిమ, రీమేక్, జోలపాట, గళదానం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో సినిమా నటీనటుల జీవితచరిత్రలకు ఒక స్థిరమైన చట్రం ఉంది. పుట్టిన ఊరు, తొలి అవకాశం, మలుపు తిప్పిన చిత్రం, పురస్కారాలు, చివరికి నివాళి అన్న క్రమంలో అవి సాగుతాయి. బాలనటుల విషయంలో ఈ చట్రానికి ‘ఇంత చిన్న వయసులోనే’ అన్న ఆశ్చర్యం అదనంగా చేరుతుంది. ఆ ఆశ్చర్యం ప్రశంసగా వెలువడుతుంది గనుక దాని వెనుక ఉన్న ప్రశ్న వినిపించదు. చిన్న వయసులో అంత పని ఎందుకు చేయవలసివచ్చింది, ఆ పని తరువాతి పాత్రల మీద ఎటువంటి ముద్ర వేసింది అన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న.

శ్రీదేవి 1963 ఆగస్టు 13న తమిళనాడులోని శివకాశి సమీపంలో జన్మించారు. తండ్రి అయ్యప్పన్ న్యాయవాది. తల్లి రాజేశ్వరి తిరుపతికి చెందిన తెలుగు మహిళ. తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ, హిందీ భాషల్లో నటించిన శ్రీదేవికి 2013లో పద్మశ్రీ లభించింది. ‘మామ్’ (2017) చిత్రానికి 2018లో మరణానంతరం జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఈ వివరాలు సుపరిచితమే. ప్రతి చిత్రం పక్కన ఆమె అప్పటి వయసును వేసుకొని చూసినప్పుడు మాత్రం ఇదే చిత్రపట్టిక వేరొక కథ చెబుతుంది.

2. బేబీ శ్రీదేవి

బాలనటులకు పేరుకు ముందు ‘బేబీ’, ‘మాస్టర్’ అని చేర్చడం దక్షిణాది సినిమా టైటిళ్లలో దశాబ్దాల పాటు సాగిన పద్ధతి. ఈ ఉపపదం నటి వయసును తెలిపే గుర్తు, ఆమె చేయగల పనికి హద్దు కూడా. బేబీ శ్రీదేవి తొలి పాత్రల్లో ఒకటి ‘తుణైవన్’ (1969) అనే తమిళ చిత్రంలోని బాల మురుగన్. ఆడపిల్ల బాలదేవుడి పాత్ర ధరించడం ఆనాటి ప్రేక్షకులకు వింత కాదు. అంతకు రెండేళ్ల ముందే ఏ.వి.ఎం. నిర్మించిన ‘భక్త ప్రహ్లాద’ (1967)లో రోజారమణి ప్రహ్లాదుడిగా మెప్పించారు. పౌరాణిక, భక్తి చిత్రాల్లో పిల్లల దేహానికి స్త్రీ పురుష భేదం అంటలేదు. అది భక్తికి ఒక పాత్ర మాత్రమే.

తెలుగులో ‘మా నాన్న నిర్దోషి’ (1970), మలయాళంలో ‘పూంపాట్ట’ (1971) బాలనటిగా ఆమెకు పేరు తెచ్చాయి. ‘పూంపాట్ట’కు కేరళ రాష్ట్ర ఉత్తమ బాలనటి పురస్కారం దక్కింది. 1972లో పి. చంద్రశేఖరరెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘బడిపంతులు’లో తొమ్మిదేళ్ల శ్రీదేవి ఎన్.టి. రామారావు పాత్రకు మనవరాలు. అందులోని టెలిఫోన్ పాట నేటికీ తెలుగు ఇళ్లలో చిన్నపిల్లల పాటగా బతికే ఉంది. ఆ పాటలో ఆమె చూపులు, చేతి కదలికలు కెమెరా స్పృహ లేనంత సహజంగా ఉంటాయి. ఈ సహజత్వం వెనుక అప్పటికే కొన్నేళ్ల అనుభవం ఉందన్నది గమనార్హం. ప్రేక్షకుడు ఆటగా చూసింది ఆ పిల్లకు పని.

చిత్రం పేరు ‘బడిపంతులు’. అందులో నటించిన బాలిక చదువు మాత్రం షూటింగుల నడుమ నలిగిపోయింది. పాఠశాల, కళాశాల జీవితాన్ని కోల్పోయానని, బాలనటి నుంచి విరామమే లేకుండా కథానాయికనయ్యానని శ్రీదేవి తరువాతి కాలంలో ముఖాముఖాల్లో చెప్పుకున్నారు. ఆ మాటను పరిశ్రమ ఆమె నిబద్ధతకు నిదర్శనంగా తీసుకుంది. దాన్ని ఒక లోటు ప్రకటనగా చదవడానికీ అవకాశం ఉంది.

3. ఆడపిల్లకు దక్కని విరామం

బాలనటుడు కథానాయకుడు కావడానికీ, బాలనటి కథానాయిక కావడానికీ మధ్య కాలవ్యవధి ఒకేలా ఉండదు. కమల్ హాసన్ ‘కళత్తూర్ కణ్ణమ్మా’ (1960)తో ఐదేళ్ల వయసులో తెరకెక్కి రాష్ట్రపతి స్వర్ణపతకం పొందారు. 1960 దశకం తొలినాళ్ల తరువాత ఆయన బాలపాత్రలు ఆగిపోయాయి. నృత్య సహాయకుడిగా పనిచేసి, చిన్న పాత్రలు వేసి, ఇరవయ్యేళ్ల ప్రాయంలో నాయకపాత్రలకు చేరుకున్నారు. గొంతు మారే వయసు, మీసం రాని వయసు మగపిల్లవాడికి తెరమీద చోటివ్వలేదు. ఆ నిరాకరణ వల్లనే అతనికి కౌమారం దక్కింది.

శ్రీదేవి విషయం ఇందుకు భిన్నం. 1975లో హిందీ ‘జూలీ’లో ఆమె కథానాయిక చెల్లెలు. 1976 అక్టోబరులో విడుదలైన కె. బాలచందర్ ‘మూండ్రు ముడిచ్చు’లో ఆమే కథానాయిక. అప్పటికి వయసు పదమూడేళ్లు. చెల్లెలి పాత్రకూ నాయిక పాత్రకూ మధ్య ఏడాది కాలమే ఉంది. ‘బేబీ’ అన్న ఉపపదం తొలగించడానికి ఆ ఏడాది సరిపోయింది. 1977 సెప్టెంబరులో భారతిరాజా ‘పదినాఱు వయదినిలే’ విడుదలయ్యేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండి నెల మాత్రమే గడిచింది. పదహారేళ్ల అమ్మాయి కథ అని చెప్పుకున్న చిత్రంలో నటి వయసు కథ వయసు కంటే తక్కువ. కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన తెలుగు రూపం ‘పదహారేళ్ళ వయసు’ (1978) నాటికి కూడా ఆమె ఆ వయసును అందుకోలేదు.

ఈ చిత్రాల్లో ఆమె నటన బలహీనమని అనడానికి వీల్లేదు. పట్నం మనిషి మాట నమ్మి భంగపడి, పల్లెలోని అమాయకుడి విలువ తెలుసుకునే పిల్ల పాత్రను తమిళంలోనూ తెలుగులోనూ ఆమె నిండుగా పోషించారు. కలలు కనే చూపు, నమ్మకం చెదిరాక వచ్చే మౌనం ఆమె ముఖంలో స్పష్టంగా వేరుపడతాయి. అంత చిన్న వయసులో అంతటి పరిణతి ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు సమాధానం బాలనటిగా పొందిన శిక్షణలో ఉంది. సూచనను వెంటనే అందుకోవడం, చూసినదాన్ని అనుకరించడం, కెమెరా ముందు బెదరకపోవడం ఆ శిక్షణ ఫలాలు. ఆమె ప్రతిభకు మూలమైనదే ఆమె బాల్యాన్ని కుదించింది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే అంచనా ఏకపక్షమవుతుంది.

4. ఒకే పాత్ర, ఇద్దరు బాలనటులు

‘మూండ్రు ముడిచ్చు’కు మూలం కె. విశ్వనాథ్ తెలుగు చిత్రం ‘ఓ సీత కథ’ (1974). తెలుగులో సీతగా నటించినవారు నాటి ప్రహ్లాదుడు రోజారమణి. తమిళంలో ఆ స్థానంలో వచ్చినవారు నాటి బాల మురుగన్ శ్రీదేవి. ఒకే పాత్రను రెండు భాషల్లో ఇద్దరు మాజీ బాలనటులు ధరించడం యాదృచ్ఛికమే కావచ్చు. పాత్ర స్వభావాన్ని గమనిస్తే మాత్రం ఆ ఎంపికలోని తర్కం కనిపిస్తుంది.

తన జీవితాన్ని ఛిద్రం చేసిన యువకుడి తండ్రిని నాయిక పెళ్లాడి, ఆ యువకుడికి సవతితల్లి స్థానంలో నిలుస్తుంది. కోరికకు లక్ష్యమైన కన్య ఒక్క తాళితో తల్లిగా మారుతుంది. వయసుకు మించిన బాధ్యతను నాయిక ఎంత తొందరగా తలకెత్తుకుంటే కథ అంత బలపడుతుంది. నాయిక ఎంత లేతగా కనిపిస్తే ఆ త్యాగం అంత పెద్దదిగా తోస్తుంది. అందుకే ఈ కథకు లేత ముఖం కావాలి, కానీ నటనలో అనుభవమూ కావాలి. ఈ రెండూ ఒకేచోట దొరికేది మాజీ బాలనటి దగ్గరే.

కథ ఆ సీతను కన్య నుంచి తల్లిగా ఒక్క అంగలో మార్చినట్టే, పరిశ్రమ ఆ నటీమణులను పిల్లల నుంచి స్త్రీలుగా ఒక్క అంగలో మార్చింది. రెండుచోట్లా మధ్యదశకు తావులేదు. ఇక్కడ కథావస్తువూ ఉత్పత్తి పద్ధతీ పరస్పరం ప్రతిబింబిస్తున్నాయి.

5. మనవరాలు, కథానాయిక

‘బడిపంతులు’కు ఏడేళ్ల తరువాత, 1979 జూలైలో ‘వేటగాడు’ విడుదలైంది. ఎన్.టి. రామారావు వయసు అప్పటికి 56 ఏళ్లు. ఆయన సరసన కథానాయిక శ్రీదేవికి పదహారేళ్లు నిండలేదు. మనవరాలు కథానాయిక అయిందన్న ఈ విషయాన్ని సినీ వ్యాసాలు చమత్కారంగా ప్రస్తావించి వదిలేస్తాయి. నటుల వ్యక్తిగత ప్రవర్తనకు దీనితో సంబంధం లేదు. ప్రశ్న తెరమీది సంప్రదాయానికి సంబంధించింది. ఆ సంప్రదాయంలో కథానాయకుడికి వయసు లేదు, కథానాయిక వయసుకు మాత్రం గడువు ఉంది. ఆయన తరానికి చెందిన నాయికలు తల్లి, వదిన పాత్రలకు తరలిపోయాక ఏర్పడిన ఖాళీని కొత్త తరంతో నింపడం పరిశ్రమకు అవసరమైంది. ‘బడిపంతులు’లో ఆయన భార్యగా నటించిన అంజలీదేవి 1950లలోనే అగ్రనాయిక అని గుర్తుచేసుకుంటే ఈ అసమానత తేటతెల్లమవుతుంది.

ప్రేక్షకుడు దీన్ని ఎలా అంగీకరించాడన్నది ఇంకో ప్రశ్న. మనవరాలి పాత్రను చూసిన కళ్లే యుగళగీతాన్నీ చూశాయి. పాటను కథ నుంచి విడదీసి ఒక ప్రదర్శనగా చూసే అలవాటు ఇందుకు తోడ్పడింది. రంగులు, దుస్తులు, లయ కలిసి నాయిక దేహానికి ఒక వయసును కట్టబెట్టాయి. ఆ వయసు నటిది కాదు, పాటది.

ఈ జంట చిత్రాలన్నింటినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. దాసరి నారాయణరావు ‘బొబ్బిలి పులి’ (1982)లో శ్రీదేవి న్యాయవాది. న్యాయస్థాన సన్నివేశాల్లో ఆమె పాత్ర నాయకుడి వాదనకు ఎదురు నిలవాలి, ఆ వాదన బరువును వినడం ద్వారా ప్రేక్షకుడికి అందించాలి. అప్పటికి 18 ఏళ్ల నటి ఆ పనిని నిబ్బరంగా చేశారు. వయోజన స్త్రీగా ఆలోచించే పాత్ర ఇచ్చినప్పుడు ఆమె దాన్ని నిలబెట్టగలరని ఆ చిత్రం రుజువు చేసింది. పరిశ్రమ ఆమెకు ఎక్కువగా ఇచ్చినవి మాత్రం అటువంటి పాత్రలు కావు.

6. మూడు జోలపాటలు

‘బొబ్బిలి పులి’ వచ్చిన 1982లోనే బాలూ మహేంద్ర ‘మూండ్రాం పిఱై’ విడుదలైంది. తెలుగులో అది ‘వసంత కోకిల’గా అనువాదమైంది. ప్రమాదంలో తలకు దెబ్బతగిలి, జ్ఞాపకం పోయి, మనసులో చిన్నపిల్లగా మారిన యువతి కథ అది. ఆమెను కాపాడి సాకే ఉపాధ్యాయుడిగా కమల్ హాసన్ నటించారు. ఇద్దరు ప్రధాన నటులూ మాజీ బాలనటులే. కమల్ హాసన్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం, బాలూ మహేంద్రకు ఛాయాగ్రహణ పురస్కారం లభించాయి.

చిన్నపిల్లగా నటించే పెద్దవారు సాధారణంగా గొంతు సాగదీయడం, కళ్లు పెద్దవి చేయడం వంటి గుర్తుల మీద ఆధారపడతారు. శ్రీదేవి కూడా వాటిని కొంతవరకు వాడుకున్నారు. కానీ అలక వచ్చినప్పుడు భుజం వాలడం, భయపడినప్పుడు చేయి దగ్గరున్న వస్త్రాన్ని వెదకడం వంటి దేహ స్పందనలు బయటినుంచి అతికించినట్టు ఉండవు. ఐదారేళ్ల వయసు నుంచి తెరమీద పసితనాన్ని వృత్తిగా చేసిన నటికి ఆ భాష కంఠస్థం. చిత్రంలో ఆ యువతిని నిద్రపుచ్చడానికి నాయకుడు పాడే పాట స్వభావరీత్యా జోలపాట. మరుసటి ఏడాది అదే దర్శకుడి హిందీ ‘సద్మా’లోనూ ఆ స్థానంలో జోలపాటే వచ్చింది.

మూడో జోలపాట తెలుగులోది. రామ్ గోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ (1991)లో సత్య ఉద్యోగం చేసుకుంటున్న యువతి. జ్ఞాపకం పోలేదు, మతి చెదరలేదు. దుండగుల నుంచి పారిపోయి అడవిలో చిక్కుకున్నప్పుడు నాయకుడు ఆమెను నిద్రపుచ్చడానికి జోల పాడతాడు. సిరివెన్నెల సీతారామశాస్త్రి రచన, కీరవాణి సంగీతం ఆ పాటను ప్రణయగీతానికీ లాలిపాటకూ నడుమ నిలిపాయి. ‘వసంత కోకిల’లో అనారోగ్యం వల్ల వచ్చిన పసితనం ఇక్కడ స్వభావంగా మారింది. సత్య భయాలు, సణుగుడు, చిన్న విషయాలకు బెంబేలు పడడం ప్రేక్షకుణ్ణి నవ్వించాయి. ఆ హాస్యంలో శ్రీదేవి చూపిన కాలజ్ఞానానికి నంది ఉత్తమ నటి పురస్కారం దక్కింది. దానికి ముందు ఏడాది వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఇంద్రజ దేవలోకం నుంచి వచ్చి భూలోకపు తీరు ఏమీ తెలియని స్త్రీ. ఒకచోట వ్యాధి, ఒకచోట దివ్యత్వం, ఒకచోట భీరుత్వం. కారణాలు వేరైనా ఫలితం ఒకటే. లోకం తెలియని స్త్రీని లోకం తెలిసిన పురుషుడు చేయిపట్టి నడిపిస్తాడు.

పదమూడేళ్ల పిల్ల చేత పెద్ద స్త్రీగా నటింపజేసిన సినిమా, ఆమె నిజంగా పెద్దయ్యాక పసిపిల్లగా నటింపజేసి ముచ్చటపడింది. యశ్ చోప్రా ‘లమ్హే’ (1991) ఈ తారుమారును కథగానే చెప్పింది. అందులో శ్రీదేవి తల్లి, కూతురు పాత్రలు రెండూ ధరించారు. తల్లిని ప్రేమించిన పురుషుణ్ణి కూతురు ప్రేమిస్తుంది. వయసు వ్యత్యాసాన్ని పాటల్లో దాచకుండా చర్చకు పెట్టినందున ఆ చిత్రం ఆమె చిత్రపట్టికలో ప్రత్యేకమైనది.

7. అరువు గొంతు

హిందీలో శ్రీదేవి తొలి సంవత్సరాల చిత్రాలకు గళదానం చేసినవారిలో ముఖ్యులు నాజ్. ఆమె ‘బూట్ పాలిష్’ (1954)లో బేబీ నాజ్‌గా నటించి, 1955 కాన్ చలనచిత్రోత్సవంలో ప్రత్యేక గుర్తింపు పొందిన బాలనటి. ‘ఆఖరీ రాస్తా’ (1986)లో శ్రీదేవికి గొంతునిచ్చినవారు రేఖ. ఆమె బి.ఎన్. రెడ్డి ‘రంగుల రాట్నం’ (1966)లో బేబీ భానురేఖగా కనిపించిన బాలనటి. తెలుగులో రోజారమణి సైతం నాయిక పాత్రల తరువాత అనేకమంది కథానాయికలకు గొంతునిచ్చారు.

ఒక మాజీ బాలనటి ముఖం, మరొక మాజీ బాలనటి గొంతు కలిసి తెరమీద ఒక స్త్రీని నిర్మించాయి. నాజ్ వంటి నటికి పెద్దయ్యాక ముఖంగా దక్కని చోటు గొంతుగా దక్కింది. శ్రీదేవికి ముఖంగా దక్కిన చోటు చాలాకాలం గొంతుగా దక్కలేదు. హిందీలో తన సొంత గొంతుతో ఆమె మాట్లాడిన తొలి చిత్రం ‘చాందినీ’ (1989). బాలనటీమణుల చరిత్రను విడివిడి జీవితాలుగా రాస్తే ఈ సంబంధం కనిపించదు.

8. తరగతి గది

పదిహేనేళ్ల విరామం తరువాత గౌరీ శిందే దర్శకత్వంలో వచ్చిన ‘ఇంగ్లీష్ వింగ్లీష్’ (2012) ఈ పరిశీలనకు కీలకం. లడ్డూలు చేసి అమ్మే గృహిణి శశి ఇంగ్లీషు రాకపోవడం వల్ల సొంత ఇంట్లో చిన్నచూపుకు గురై, న్యూయార్క్‌లో ఎవరికీ చెప్పకుండా ఇంగ్లీషు తరగతిలో చేరుతుంది. నలభై తొమ్మిదేళ్ల నటి పుస్తకం పట్టుకొని తరగతి గదిలో కూర్చుంది. శశిలో కూడా పసితనం ఉంది. కొత్త మాట నేర్చుకున్నప్పటి సంబరం, తప్పు చెప్పినప్పటి బిడియం విద్యార్థివే. అయితే ఈ పసితనాన్ని ఎవరూ జోకొట్టరు. ఆమె నేర్చుకుంటుంది, నేర్చుకున్నది తన నోటితో చెబుతుంది.

‘సత్య’ తెలియనితనంలో నిలిచిపోయే పాత్ర, ‘శశి’ తెలియనితనం నుంచి బయలుదేరే పాత్ర. ఒకే నటనా సామగ్రి ఒకచోట ఆధారపడడానికి, ఇంకొకచోట ఎదగడానికి వినియోగమైంది. తేడా నటిలో లేదు, రచనలో ఉంది. పసితనాన్ని పరిశ్రమ ఎన్ని విధాలుగా వాడుకోగలిగేదో, ఎన్నింటిని వదులుకుందో ఈ ఒక్క చిత్రం చూపిస్తుంది.

9. చట్టం, విమర్శ

భారతదేశంలో 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించి, దృశ్య శ్రవణ వినోదరంగంలోని బాలకళాకారులకు షరతులతో మినహాయింపు ఇచ్చారు. 2017 నిబంధనల ప్రకారం రోజుకు ఐదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పిల్లల చేత పనిచేయించరాదు. వరుసగా 27 రోజులకు మించి పనిలో ఉంచరాదు. ఆదాయంలో కనీసం 20 శాతాన్ని పిల్లల పేరిట బ్యాంకులో డిపాజిట్ చేయాలి. చదువు ఆగిపోకుండా చూడాలి. శ్రీదేవి బాల్యంలో ఈ రక్షణలు లేవు.

పనిగంటలను, ఆదాయాన్ని చట్టం లెక్కించగలదు. పాత్ర వయసుకూ నటి వయసుకూ మధ్య దూరం తరువాతి కాలంలో ఎటువంటి తారా ప్రతిమను తయారుచేస్తుందో లెక్కించడం చట్టం పని కాదు. అది విమర్శ పని. ఆ పనికి కొత్త సిద్ధాంతం కంటే ముందు ఒక చిన్న అలవాటు అవసరం. చిత్రపట్టికలో విడుదల సంవత్సరం పక్కన నటి వయసును కూడా నమోదు చేయాలి. తెలుగు విశ్వవిద్యాలయాల్లో సినిమా మీద జరుగుతున్న పరిశోధనలు ఈ అలవాటు చేసుకుంటే కథానాయికల చరిత్రలో చాలా భాగం తిరిగి రాయవలసి వస్తుంది.

10. ముగింపు

• బాలనటిగా పొందిన శిక్షణ శ్రీదేవి ప్రతిభకు పునాది. అదే శిక్షణ ఆమెను కౌమారంలోనే కథానాయికగా మార్చడానికి పరిశ్రమకు వీలు కల్పించింది.

• మగపిల్లలకు దక్కిన మధ్యకాల విరామం ఆమెకు దక్కలేదు. ‘జూలీ’కీ ‘మూండ్రు ముడిచ్చు’కూ మధ్య ఉన్నది ఏడాది మాత్రమే.

• వయోజన పాత్రల్లో ఆమెకు ఎక్కువ కీర్తి తెచ్చినది పసితనమే. మూడు భాషల్లోని మూడు జోలపాటలు ఇందుకు సాక్ష్యం.

• ‘బొబ్బిలి పులి’, ‘ఇంగ్లీష్ వింగ్లీష్’ వంటి చిత్రాలు ఆమెకు దక్కవలసిన ఇతర పాత్రల జాడను తెలుపుతాయి.

‘వసంత కోకిల’ చివర రైలు కిటికీలో కూర్చున్న యువతికి తాను పసిపిల్లగా గడిపిన రోజులు గుర్తుండవు. ప్లాట్‌ఫారం మీద నిలిచిన మనిషికి మాత్రం అన్నీ గుర్తే. శ్రీదేవికీ ఆమె ప్రేక్షకులకూ మధ్య సంబంధం చాలావరకు ఆ దృశ్యం వంటిదే. ఆమె ఎదిగి ముందుకు సాగినా, ప్రేక్షకలోకం ఆమెలో ఆ పిల్లనే వెదుకుతూ నిలబడింది. ఆ వెదుకులాటను అభిమానమని పిలవడంలో తప్పులేదు. అందుకు ఒక పిల్ల చెల్లించిన మూల్యాన్ని కూడా సినిమా చరిత్ర నమోదు చేయవలసి ఉంది.